పూచీ ఒకరిది, బతుకు ముగ్గురిది

తెనాలి,
ఆదివారం, 2025 డిసెంబరు 14.

చిరంజీవి చందూకి,

పెద్దమ్మ ఆశీస్సులు. కోడలు శిరీషకూ, చిట్టితల్లి ఆద్యకూ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. చలికి అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త ఎక్కువయ్యాయి, అంతే.

మొన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండు నిమిషాల పైచిలుకు ఉంది. మూడుసార్లు విన్నాను. అందులో ‘స్పాన్సర్’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. శిరీష పేరు ఒక్కసారి వచ్చింది, ‘శిరీష కూడా సరేనంది’ అని. ఆద్య పేరు అసలు రాలేదు గానీ, వెనక నుంచి దాని ఏడుపు మాత్రం వినపడింది. ‘స్పాన్సర్ దొరికితే చాలు పెద్దమ్మా, మిగతాదంతా అదే సర్దుకుంటుంది’ అని ముగించావు.

దీనికి ఉత్తరం ఎందుకు, ఫోన్ చేస్తే పోదా అని మీ పెదనాన్న నవ్వుతున్నారు. ఫోన్లో అయితే నువ్వు ‘ఊ’ కొట్టి పెట్టేస్తావు. కాగితం అయితే దాచుకుని రేపెప్పుడైనా మళ్లీ చూస్తావు. పైగా ఈ సంగతి నీ ఒక్కడికి చెప్పేది కూడా కాదు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. స్పాన్సర్ అంటే మనవాళ్ల మాటల్లో పూచీదారు. మీ తాతయ్య సొసైటీ బ్యాంకులో ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టి, ఆ మనిషి ఎగ్గొడితే రెండేళ్లు తన ధాన్యం డబ్బుతో కట్టారు. మన ఊళ్లో పూచీ ఇచ్చినవాడికే గండం. వీసా పూచీలో లెక్క తిరగబడుతుంది. ఇచ్చినవాడు ఒక ఈమెయిల్‌తో తప్పుకోవచ్చు. పుచ్చుకున్నవాడూ, వాణ్ణి నమ్ముకుని వెళ్లిన ఇద్దరూ పెట్టె సర్దుకోవాలి. నువ్వు సంతకం పెట్టేది నీ ఒక్కడి ఉద్యోగానికే అయినా, ఆ సంతకం మీద ముగ్గురు బతకాలి. అందుకే ఏ ఆఫర్ వచ్చినా ముందు నీ జీతం గడి చూడకు. మిగతా ఇద్దరికీ ఆ వీసాలో ఏం రాసి ఉందో అది చూడు. నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే. మిగతా ఉత్తరమంతా దానికి లెక్కలూ, సాక్ష్యాలూ.

మొదటి సాక్షిని నేనే.

మీ పెదనాన్న 1998లో అమెరికా వెళ్లారు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న గాభరా అప్పుడు. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకున్న వాళ్లందరికీ కన్సల్టెన్సీలు హెచ్ వన్ బీ వీసాలు వేస్తున్న కాలం. ఆయన వెళ్లిన ఐదు నెలలకు నా వంతు వచ్చింది. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ వచ్చింది 2008లో. అంతకుముందు ఎవరైనా మద్రాసు వెళ్లాల్సిందే. మా స్వాతిని చంకనేసుకుని పినాకిని రైలెక్కాను. దానికి అప్పటికి ఏడాదిన్నర. జెమినీ ఫ్లైఓవర్ పక్కన తెల్లవారుజాము నుంచే లైను. నువ్వు తెనాలి స్టేషన్‌కు వచ్చి, నేనూ వస్తానని ఒకటే ఏడుపు. నీకు ఐదేళ్లు నిండలేదప్పటికి.

నేను గుంటూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్నని నీకు తెలుసుగా. రాజీనామా కాగితం ఇచ్చినప్పుడు ప్రిన్సిపాల్ గారు ‘అక్కడ నీకేం తక్కువమ్మా, లెక్చరర్ ఉద్యోగాలు బోలెడు’ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఎడిసన్‌లో దిగాక తెలిసింది, నా వీసా మీద పని చేయకూడదని. చదువుకోవచ్చు, ఊరికే సాయం చేయవచ్చు. డబ్బు మాత్రం ముట్టకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. పన్ను లెక్కల్లో ఆయన కింద చూపించటానికి వేరే నంబరొకటి ఇచ్చారు. ప్రతి కాగితం మీదా నా పేరు పక్కన ఒకటే మాట, ‘డిపెండెంట్’ అని. పద్దెనిమిదేళ్లు చదివి, ఆరేళ్లు పాఠం చెప్పిన దాన్ని, అరటి చెట్టు మీద ఆధారపడ్డ పిలకలాగా అయిపోయాననిపించింది.

ఆ రోజుల్లో మీ పెదనాన్న పనిచేసిన కన్సల్టెన్సీ, ప్రాజెక్టు లేని నెలల్లో జీతం ఇచ్చేది కాదు. దాన్ని ‘బెంచ్’ అనేవాళ్లు. పని లేకపోయినా జీతం ఇచ్చి తీరాలని 1998లోనే అక్కడ చట్టం వచ్చిందట. మాకు తెలియదు. తెలిసినా అడిగేవాళ్లం కాదేమో. అడిగితే వీసా ఏమవుతుందోనని భయం. చందూ, పూచీ ఇచ్చినవాడు మన మీద వాడేది చట్టాన్ని కాదురా, ఆ భయాన్ని.

పై అంతస్తులో గుజరాతీ వాళ్ల పిల్లలిద్దరికి సాయంత్రాలు ఫిజిక్స్ చెప్పేదాన్ని. మార్కులు వచ్చాయని ఆవిడ ఒకరోజు కవరులో 20 డాలర్లు పెట్టి ఇచ్చింది. ఆ నెల మాకు బెంచ్. ఇంట్లో పాలు అయిపోయాయి. ఆ కవరు మా వంటింటి గట్టు మీద ఒక రాత్రంతా ఉంది. పొద్దున్నే మెట్లెక్కి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ నేను గొప్పకు పోయాననుకుంది. కారణం చెప్పటానికి సిగ్గేసి, నేనూ ఆవిణ్ణి అలాగే అనుకోనిచ్చాను.

2001లో ఆ కంపెనీ ఈయన్ని తీసేసింది. ఇప్పుడైతే ఉద్యోగం పోయినా 60 రోజుల గడువుంది. అది 2017లో వచ్చింది. మాకప్పుడు ఉద్యోగం పోయిన రోజే నిలబడే చోటు పోయినట్టు. ఇంకో కంపెనీ మూడు వారాల్లో కాగితం వేయబట్టి ఉండిపోయాం. పాత కంపెనీ మొదలుపెట్టిన గ్రీన్‌కార్డు పని మాత్రం మంట కలిసింది. మళ్లీ మొదటి నుంచి. చివరికి 2007 జూలైలో వీసా తేదీలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. మన దేశం వాళ్లంతా రాత్రింబవళ్లు దరఖాస్తులు నింపిన నెల అది. ఆ ఏడాది చివర నాకు పని చేసుకునే కార్డు చేతికొచ్చింది. గుంటూరులో రాజీనామా ఇచ్చిన తొమ్మిదో ఏడు అది.

సరే, ఇది పాత కథ. ఇప్పటి సంగతికి వద్దాం. నువ్వు మూడు దేశాల పేర్లు చెప్పావు. మూడింటిలోనూ ‘స్పాన్సర్’ అంటే ఒకటి కాదు.

అమెరికా గురించి రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. ఏడాదికి 85,000 వీసాలు, వాటికి లాటరీ. ఈ సెప్టెంబరు 21 నుంచి, బయటి దేశంలో ఉన్నవాడికి కొత్తగా హెచ్ వన్ బీ వేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. నీ కోసం లక్ష డాలర్లు ఎవరు కడతారో నువ్వే ఆలోచించు. భార్యాభర్తల్లో రెండోవాళ్లకు పని చేసే వీలు 2015 మే 26 నుంచి ఇచ్చారు గానీ, అది కూడా మొదటివాళ్ల గ్రీన్‌కార్డు పని ఒక మెట్టు దాటాకే. ఏ దేశానికీ ఏడు శాతం దాటి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న నియమం వల్ల మన వరుస కదలదు. చిన్నప్పుడు వెళ్లిన పిల్లలు 21 ఏళ్లు నిండి, తల్లిదండ్రుల వరుసలోంచి జారిపోతున్నారు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవచ్చు, కాదనను. 108 చెల్లించే రోజు ఎప్పుడో మాత్రం ఆయన కూడా చెప్పలేడు.

ఇంగ్లండు సంగతి కాస్త నిదానంగా చూడాలి. నువ్వు చెప్పిన అమీర్‌పేట ఏజెంటు నీకు అమ్మజూపుతున్నది దాన్నేగా. అక్కడ ఏ కంపెనీ పడితే ఆ కంపెనీ మనిషిని రప్పించుకోలేదు. ముందు ఆ దేశపు హోం ఆఫీసు దగ్గర స్పాన్సర్ లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సున్న కంపెనీల జాబితాను ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. నీకు చెప్పిన కంపెనీ పేరు అందులో ఉందో లేదో ఐదు నిమిషాల పని. ఉన్నంత మాత్రాన ఉద్యోగం నిజమని కాదు, లేకపోతే మాత్రం అబద్ధమే. ఆ కంపెనీ నీ పేరున ‘సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్’ ఇస్తుంది. పేరు సర్టిఫికెట్టే గానీ కాగితమేమీ ఉండదు, కంప్యూటరులో ఒక నంబరు. అది చేతికొచ్చిన మూడు నెలల్లోగా వీసాకు దరఖాస్తు పెట్టాలి. ఈ జూలై 22 నుంచి జీతం ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు ఉండాలి, లేదా ఆ ఉద్యోగానికి కట్టిన రేటు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. పని డిగ్రీ స్థాయిది కావాలి. నీది ఆ స్థాయిదే కాబట్టి శిరీషా, ఆద్యా నీతో రావచ్చు, శిరీష ఉద్యోగమూ చేయవచ్చు. ఇంతవరకు బాగుంది.

ఇక ఖర్చు. వీసా ఫీజుకు తోడు ఆరోగ్య సర్‌ఛార్జి అని ఉంటుంది. పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. ఎన్నేళ్ల వీసా అయితే అన్నేళ్లదీ ముందే కట్టాలి. మీ ముగ్గురికీ మూడేళ్లకే 8,538 పౌండ్లు, అంటే దాదాపు 10 లక్షల రూపాయలు. విమానం టికెట్లు, ఇంటి అడ్వాన్సు ఇందులో లేవు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో లైసెన్సున్న కంపెనీని చూసుకుని, మళ్లీ కొత్త వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఐదేళ్లకు స్థిరనివాసం అని ఇన్నాళ్లూ ఉన్న లెక్కను పదేళ్లు చేయాలని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. ఇవన్నీ తెలిసి వెళ్తానంటే నేను వద్దనను. తెలియకుండా వెళ్లవద్దు.

ఇప్పుడా ఏజెంటు. ‘14 లక్షలిస్తే స్పాన్సర్‌షిప్ గ్యారంటీ’ అన్నాడన్నావు. మన వీధి చివర ఇంట్లో అమ్మాయి గుర్తుందా, నర్సింగ్ చదివింది? 2023లో ఇలాగే 13 లక్షలిచ్చి, వృద్ధుల సంరక్షణ ఉద్యోగమని భర్తనూ కొడుకునూ తీసుకుని ఇంగ్లండు వెళ్లింది. వారానికి 39 గంటల పని అని రాసిచ్చారు. ఇచ్చింది ఏడెనిమిది గంటలు, ఒక్కో వారం అదీ లేదు. ఆ సంస్థ లైసెన్సు పోయింది. 60 రోజుల ఉత్తరం వచ్చింది. నిరుడు తిరిగొచ్చారు. ఆవిడ మెడలో ఇప్పుడు పసుపుతాడే ఉంది. ఆ దారిని కూడా మూసేశారు. 2024 మార్చి 11 నుంచి ఆ ఉద్యోగాలవాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లకూడదన్నారు, ఈ జూలై 22తో బయటి దేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవటమే ఆపేశారు.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. స్పాన్సర్‌షిప్ అమ్మే సరుకు కాదు. ఒక మనిషిని రప్పించుకున్నందుకు ఇంగ్లండు కంపెనీ తన ప్రభుత్వానికి కట్టే స్కిల్స్ ఛార్జిని ఉద్యోగి మీద వేయకూడదు. 2024 డిసెంబరు 31 నుంచి లైసెన్సు ఫీజునూ, ఆ సర్టిఫికెట్ ఫీజునూ కూడా వేయకూడదన్నారు. అంటే ఆ ఏజెంటు అమ్మకూడని దాన్ని అమ్ముతున్నాడు. మన దేశంలోనూ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి, సేవకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. నమోదైన వాళ్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. నీ ఏజెంటు పేరు వెతికి చూడు. 30,000 ఎక్కడ, 14 లక్షలెక్కడ! అంత డబ్బు పుచ్చుకున్నవాడు రేపు అక్కడ నీకేదైనా అన్యాయం జరిగితే ఫోన్ ఎత్తుతాడా? నువ్వు పోలీసుల దగ్గరికి వెళ్లటానికి కూడా జంకుతావు, ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు గనుక.

ఇక జర్మనీ. నీ గొంతులో అన్నిటికన్నా తక్కువ ఉత్సాహం ఈ దేశం గురించే ఉంది. నాకు మాత్రం ఇదే నచ్చింది. చిత్రం చూడు, నువ్వు తొమ్మిదిసార్లు అన్న ఆ మాట అక్కడ అవసరమే లేదు. కంపెనీకి లైసెన్సు అక్కర్లేదు. నీ డిగ్రీకి ఆ దేశంలో గుర్తింపు ఉండాలి, ఉద్యోగ ఒప్పందం ఉండాలి, జీతం గీత దాటాలి. కంపెనీ ఒక ఫారం నింపి సంతకం పెడుతుంది. బ్లూ కార్డుకు దరఖాస్తు పెట్టుకునేది నువ్వే. 2025లో ఆ గీత 48,300 యూరోలు, కంప్యూటరు రంగం లాంటి కొరత ఉద్యోగాలకు 43,759 యూరోల చిల్లర. ప్రతి జనవరిలో పెరుగుతుంది, కాబట్టి నీ ఒప్పందంలో అంకె అంచు మీద ఉంటే సరిచేయించుకో. మొదటి ఏడాది గడిచాక ఎవరినీ అడగకుండా కంపెనీ మారవచ్చు. జర్మన్ భాష మొదటి మెట్టు నేర్చుకుంటే 27 నెలలకు, మూడో మెట్టు దాకా వెళితే 21 నెలలకు శాశ్వత నివాసం అడగవచ్చు. పూచీ తాడు అంత పొట్టిది.

శిరీషకు వచ్చిన రోజు నుంచే పని చేసుకునే హక్కు. రాకముందు జర్మన్ పరీక్ష రాయాల్సిన పని కూడా లేదు. ఆమెకు ఉద్యోగం లేనంతకాలం ఆరోగ్య బీమా నీ బీమాలోనే, అదనపు రుసుము లేకుండా వస్తుంది. ఆద్యకూ అంతే. పైగా పిల్లకు 2025 లెక్కన నెలకు 255 యూరోలు ప్రభుత్వం ఇస్తుంది. ఇంగ్లండులో అలాంటి సాయాలు వీసా మీద వెళ్లినవాళ్లకు ఉండవు.

పొంగిపోకు, రెండోవైపు కూడా చెబుతాను. ఏడాదికి 60,000 యూరోల జీతం అంటే నెలకు 5,000 చేతికొస్తాయని లెక్కేసి ఉంటావు. పింఛనుకూ బీమాలకూ కలిపి జీతంలో ఐదో వంతు పోతుంది, ఆపైన పన్ను. ఇల్లు దొరకటం గగనం. దొరికినా చాలాచోట్ల వంటగదిలో గట్టూ, పొయ్యీ, సింకూ కూడా ఉండవు, పాతవాళ్లు ఊడదీసుకుని పోతారు. ఆ ఇంటి చిరునామా మున్సిపల్ ఆఫీసులో రాయించుకుంటే గానీ మిగతా కాగితాలు కదలవు. ఏడాది నిండిన ప్రతి పిల్లకూ శిశువిహారంలో చోటు హక్కని చట్టమైతే ఉంది, చోట్లు మాత్రం చాలటం లేదు. ఆఫర్ మీద సంతకం పెట్టిన వారమే నాలుగైదు శిశువిహారాలకు దరఖాస్తు పంపించు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నీ వాయిస్ మెసేజ్‌లో శిరీష గురించి ‘తనకు వర్క్ పర్మిట్ వస్తుంది, ఇంకేం’ అన్నావు. ఆమె ఏం చదివింది రా? పళ్ల డాక్టరు. స్నేహితురాలితో కలిసి మియాపూర్‌లో క్లినిక్ పెట్టి, లోను మీద కుర్చీ కొనుక్కుని, రెండేళ్లుగా ఇప్పుడిప్పుడే పేషెంట్లు నిలదొక్కుకుంటున్న పిల్ల. నీ కోడింగ్ విమానం ఎక్కుతుంది. ఆమె డిగ్రీ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లండులో డెంటిస్టుగా నమోదవ్వాలంటే బయటి దేశాలవాళ్లు రెండు భాగాల పరీక్ష రాయాలి, దానికి సీట్లు దొరకటమే కష్టం. జర్మనీలో ‘అప్రోబాట్సియోన్’ అని లైసెన్సు తీసుకోవాలి. పేషెంటుతో మాట్లాడే స్థాయిలో, అంటే ఐదో మెట్టు స్థాయిలో వైద్య భాష పరీక్ష పాసవ్వాలి. ఆపైన చదువు సమానమా కాదా అని చూస్తారు, తేడా ఉందంటే ఇంకో పరీక్ష. పని చేయవచ్చని వీసాలో రాసి ఉండటం వేరు, చేసుకునే పని ఉండటం వేరు. నాకు మొదటిదే లేదు. ఆమెకు మొదటిది ఇచ్చి రెండోది లేకుండా చేశావనుకో, ఆ ఇంట్లో నా కథే మళ్లీ నడుస్తుంది. ఈసారి తప్పు వీసాది అనటానికి కూడా ఉండదు.

కాబట్టి రెండు ప్లాన్లు రాసుకోండి, ఒకటి నీది, ఒకటి ఆమెది. ఆమెది ముందు రాయండి. జర్మనీ అయితే శిరీష రేపటి నుంచే హైదరాబాదులో గోథె సెంత్రుంలో జర్మన్ నేర్చుకోవటానికి చేరాలి. మొదటి మెట్టు నుంచి ఐదో మెట్టు దాకా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. సాయంత్రం క్లాసున్న రోజుల్లో ఆద్యకు అన్నం పెట్టి పడుకోబెట్టటం నీ పని. అది ఇక్కడ చేయలేనివాడివి అక్కడా చేయలేవు. క్లినిక్‌లో వాటా ఇప్పుడే తెగనమ్మవద్దు. ఏడాది పాటు స్నేహితురాలికి అప్పజెప్పి, లోను కిస్తీ మీ ఖర్చుల్లో వేసుకోండి. వెనక్కి రావాల్సి వస్తే ఆమెకొక కుర్చీ ఉంటుంది.

కంపెనీవాళ్లను అడగాల్సినవి చెబుతాను, రాసుకో. దరఖాస్తులో ‘మీకు వీసా అవసరమా’ అన్న గడి ఉంటే దాచకుండా అవునని పెట్టు. మొదటి ఫోన్‌లోనే హెచ్‌ఆర్‌కు ఒక్క వాక్యం చెప్పు, ‘నాకు పని వీసా కావాలి, నాతో భార్యా, మూడున్నరేళ్ల పాపా వస్తారు’ అని. అది విని వెనక్కి తగ్గే కంపెనీ, నువ్వు చేరాక పాపకు జ్వరమంటే సెలవిచ్చే రకం కాదు. మొదటి రోజే తెలిసిపోవటం మంచిదేగా. ఆఫర్ చేతికొచ్చాక అప్పుడు మిగతావి. ఇంతకుముందు మన దేశం నుంచి ఎవరినైనా రప్పించుకున్నారా, వాళ్లతో ఒకసారి మాట్లాడవచ్చా? వీసా ఫీజులు నీకేనా, కుటుంబానికి కూడా ఇస్తారా? మొదటి ఎన్ని వారాలు ఉండటానికి ఇల్లిస్తారు? ముందే మానేస్తే తిరిగి కట్టాల్సింది ఏమైనా ఉందా, ఏ ఖర్చుకు, ఎన్ని నెలల దాకా? వాళ్లే తీసేస్తే నోటీసు ఎంత? అన్నిటికీ జవాబు ఈమెయిల్‌లో ఉండాలి. నోటిమాటగా ‘అదంతా చూసుకుందాంలెండి’ అన్నారంటే చూసుకోరని అర్థం. మీ పెదనాన్న కన్సల్టెన్సీవాళ్లు మాతో ఆ మాటే అన్నారు.

ఇంట్లో కాగితాల పని ఇప్పటి నుంచే మొదలుపెట్టు. మీ పెళ్లి అన్నవరంలో బ్రహ్మాండంగా చేశాం గానీ, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించారా? శుభలేఖా, ఆల్బమూ చూసి ఏ దేశమూ నమ్మదు. ఆద్య జనన ధ్రువపత్రం తీసి చూడు. ఆసుపత్రి నుంచి వెళ్లిన వివరాలతో పేరు గడి ఖాళీగా వచ్చిన పత్రాలు మన దగ్గర బోలెడు. నామకరణం చేసుకుంటాం, మున్సిపాలిటీలో పేరు ఎక్కించటం మరిచిపోతాం. ఇక మన ఇంటిపేర్ల గొడవ ఒకటి. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో ఉండి, శిరీష పాస్‌పోర్టులో పుట్టింటి పేరుండి, పాప పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉంటే, మీ ముగ్గురూ ఒక కుటుంబమని కౌంటరు అవతల మనిషికి ఎలా తెలుస్తుంది? స్వాతి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినందుకు నేను రెండుసార్లు అఫిడవిట్ చేయించాను.

ముగ్గురూ ఒకేసారి వెళ్లాలా, నువ్వు ముందా అంటే, జర్మనీకైతే నువ్వు రెండు నెలలు ముందు వెళ్లి ఇల్లూ, పాపకు చోటూ చూడు. రెండు నెలలు అంటే రెండే. మా ఐదు నెలల్లో స్వాతి తండ్రిని మరిచిపోయింది. నెవార్క్ విమానాశ్రయంలో ఆయన చేతులు చాస్తే నా భుజంలో మొహం దాచుకుంది. ఆయన ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పరు.

బ్యాంకులో ఆరు నెలల ఖర్చులూ, ముగ్గురికీ తిరుగు టికెట్ల డబ్బూ వేరే ఖాతాలో పెట్టు. దాన్ని మరిచిపో. ఏ భయమైనా సగం ఆ ఖాతాతో తగ్గుతుంది. తిరిగి వెళ్లే దారి ఉందని తెలిసినవాడు బాసుతో నిటారుగా నిలబడి మాట్లాడతాడు. మీ అమ్మ గురించి, నాన్న బీపీ గురించి ఇక్కడ నేనున్నాను. ఆ బెంగ నాకు వదిలేయి.

నేను వెళ్లినందుకు బాధపడుతున్నానని అనుకోకు. ఆ కార్డు వచ్చాక కమ్యూనిటీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో చేరాను. గంటకింత అని జీతం. మొదటి చెక్కు వచ్చిన రోజు పై అంతస్తుకు వెళ్లాను. గుజరాతీ ఆవిడ అప్పటికి ఎప్పుడో ఇల్లు మారిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు తలుపు తీశారు. ఏం చెప్పాలో తోచక, పొరపాటున వచ్చానని చెప్పి దిగిపోయాను.

ఈ ఉత్తరం నువ్వు చదివి శిరీషకు సారాంశం చెప్పవద్దు. ఉన్నదున్నట్టు ఆమె చేతికివ్వు. దీనికి జవాబు నువ్వు రాయనక్కర్లేదు. ‘సరేనంది’ అని నువ్వన్నావుగా, ఆ సరే వెనక ఏముందో ఆమే రాయాలి. రెండేళ్ల తరవాత తను ఎక్కడ, ఏ పని చేస్తూ ఉండాలనుకుంటోందో ఒక పేజీ రాసి పంపమను. అది వచ్చాక, ఏ దేశమో మనం ముగ్గురం ఫోన్లో మాట్లాడుకుందాం.

ఆద్యకు పూతరేకులు పంపుతున్నాను. వాళ్ల నాన్నకు ఒక్కటే పెట్టమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ